వణికే చేతికి లెన్సు

మా ఆయన చెయ్యి వణకడం మొదలైన ఏడాదే మేము ఫిల్ము మానేసి డిజిటల్‌లోకి వచ్చాం. అందుకని చాన్నాళ్ళు తప్పంతా కెమెరా మీదే వేశాం. కొత్త కెమెరా, బరువు ఎటు ఉందో తెలియడం లేదు, బటను మరీ మెత్తగా ఉంది, చేతికి ఇంకా అలవాటు పడలేదు. ఫోటోలు అలికినట్టు వచ్చినప్పుడల్లా ఆయన ఒక కారణం చెప్పేవాడు, నేను తలూపేదాన్ని. నాకు తెలియక కాదు. పొద్దున్నే టీ అందుకున్నప్పుడు కప్పు సాసరు మీద చేసే చప్పుడు నేను రోజూ వింటూనే ఉన్నాను. ఒకరు అబద్ధం చెప్పి, ఇంకొకరు నమ్మినట్టు కూర్చుంటే ఆ పూటకి సంసారం గడిచిపోతుంది. కాపురం చేసిన ఏ ఆడదానికైనా పట్టుబడే విద్యే ఇది.

బెల్లం మార్కెట్‌కి వెళ్ళే దారిలో ఎరువుల కొట్టు మీద మేడగది మా స్టూడియో. కింద యూరియా వాసన, పైన మేము. సీజనులో బెల్లం లారీలు దారికి అడ్డంగా ఆగిపోతే, ఫోటో దిగడానికి వచ్చిన ఆడపిల్లలు చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని వాటి మధ్యలోంచి దూరి వచ్చేవారు. స్టూడియోలో పాస్‌పోర్టు ఫోటోలు, ఆడవాళ్ళ ఫోటోలు నేను తీసేదాన్ని. కంప్యూటర్ పని కూడా నాదే. పెళ్ళిళ్ళు మాత్రం ఆయనవి. మాకు అన్నం పెట్టింది ఆ పెళ్ళిళ్ళే. మేము క్రైస్తవులం కాబట్టి అటు నక్కపల్లి నుంచి ఇటు దేవరాపల్లి దాకా చర్చి పెళ్ళిళ్ళు చాలామటుకు మాకే వచ్చేవి. ఏ పాట అందుకోగానే పెళ్ళికూతురు లోపలికి వస్తుందో, పాస్టరు అయ్యగారు ఉంగరాలు ఎప్పుడు చేతికి ఇస్తారో ఆయన కళ్ళు మూసుకుని చెప్పగలడు. పెళ్ళికి వెళ్ళే రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని, కెమెరా బెల్టు మెడలో వేసుకుంటే ఆ మనిషి వాలకమే మారిపోయేది. స్టూడియోలో కూర్చున్న రోజున ఆయన ఉత్త గృహస్థు, కరెంటు పోయిందని విసుక్కునేవాడు.

చర్చి పెళ్ళిలో అన్నిటికంటే పెద్దది ఫుల్ ఫోటో. ప్రార్థన అయిపోయాక జంట, అయ్యగారు ప్రసంగం చెప్పే పుల్‌పిట్ ముందు మెట్టు మీద నిలబడుతుంది. పెళ్ళికూతురి ముసుగు అంచు నుంచి కాలివేళ్ళ దాకా మొత్తం రావాలి. మా వైపు హిందువులైనా క్రైస్తవులైనా దీని మీద అందరిదీ ఒకటే మాట. ఫుల్ ఫోటోలో కాళ్ళు తెగితే ఆ జంట నిలబడదు. హాఫ్ ఫోటోకి ఆ పట్టింపు లేదు, అది నడుం దాకా అని అందరికీ తెలుసు. నిలువెత్తు ఫోటో అని చెప్పి పాదాలు కోసేస్తేనే అపశకునం. మూఢనమ్మకాలు వదలండని ప్రతి ఆదివారం చెప్పే మా అయ్యగారే, వాళ్ళబ్బాయి పెళ్ళి ఆల్బం చేతికి రాగానే ముందు బూట్లు కనబడుతున్నాయా లేదా అని చూశారు. నేను పక్కనే ఉన్నాను.

డాక్టరు దగ్గరికి ఆయన్ని తీసుకెళ్ళడానికే నాకు ఒక ఏడాది పట్టింది. విశాఖపట్నంలో నరాల డాక్టరు ఆయన చేత కాగితం మీద గుండ్రంగా చుట్టలు గీయించాడు. అవి ముళ్ళతీగలా వచ్చాయి. ప్రాణానికి ఏం భయం లేదు, పక్షవాతం కాదు అన్నాడు డాక్టరు. చెయ్యి ఊరికే ఒళ్ళో ఉంటే వణుకు ఉండదట, ఎత్తి ఏదైనా పని చేయబోతే వస్తుందట. మాత్రలతో కొంచెం తగ్గొచ్చు గానీ పోదట. మీరేం పని చేస్తారని ఆ డాక్టరు అడగలేదు. అడిగి ఉంటే ప్రాణానికి ఏం భయం లేదని అంత తేలిగ్గా అనేవాడు కాదు.

ఊళ్ళో అప్పటికే గుసగుసలు మొదలయ్యాయి. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారు. ఈయన తాటిచెట్టు దరిదాపులకైనా పోలేదు, అయినా అన్నారు. పెళ్ళిళ్ళలో తిరిగే ఫోటోగ్రాఫరు, చెయ్యి వణుకుతోంది, ఇంకేముంటుంది? క్రైస్తవుల పెళ్ళికి తాగుబోతుని ఎవరు పిలుస్తారు? జబ్బని చెప్పుకుందామంటే, చెయ్యి నిలవని వాడికి మాత్రం పెళ్ళి ఎవరు అప్పగిస్తారు? ఎటు తిప్పినా మా అన్నమే తెగుతుంది. దానికంటే పెద్ద భయం నాకు ఇంకొకటుంది. ఈ మనిషి చేతిలోంచి కెమెరా తీసేస్తే ఏం మిగులుతుంది? స్టూడియోలో కుర్చీ వేసుకుని నేను ఫోటోలు తీస్తుంటే చూస్తూ కూర్చుంటాడా? ఆలోచిస్తేనే నాకు నీరసం వచ్చేది.

ఆయన స్నేహితుడొకడు ఉన్నాడు, బావా బావా అంటూ వచ్చి మా టీలు తాగేవాడు. ఒక పెగ్గు వేసి వెళ్తే చెయ్యి ఆగుతుందని ఆయనకి సలహా ఇచ్చాడు. వాళ్ళ మావకి అలాగే ఆగేదట. తాగుతున్నాడని ఊరు ఆడిపోసుకుంటున్న మనిషికి, తాగితే బాగుపడతావని చెప్పే స్నేహితుడు. నేను ఆ పూట అతని టీలో చక్కెర వెయ్యలేదు.

స్టాండు వేసి తియ్యమని నేను చెప్పి చూశాను. పెళ్ళి జనంలో స్టాండుకి చోటెక్కడుంటుంది, పిల్లలు తన్నేస్తారు అన్నాడు. అది నిజమే. స్టాండు వేస్తే పాస్‌పోర్టు ఫోటోలవాడి కింద జమకడతారు అని కూడా అన్నాడు. పాస్‌పోర్టు ఫోటోలు తీసేది నేనని ఆయనకి ఆ క్షణంలో గుర్తులేదు. ఫ్లాష్ వేస్తే వణుకు కొంత కప్పబడిపోయేది, కానీ తెల్ల చీర, తెల్ల ముసుగు సున్నం కొట్టిన గోడలా తేలిపోయేవి. పైగా కెమెరా నెత్తిన ఆ ఫ్లాష్ బరువు పడితే చెయ్యి ఇంకా వణికేది.

లెన్సు సంగతి నాకు కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు తట్టింది. పెళ్ళి ఫోటోలన్నీ వరసగా చూస్తుంటే చర్చి బయట ఎండలో తీసినవన్నీ బాగానే ఉన్నాయి. లోపల తీసినవే అలికినట్టున్నాయి. చెయ్యి బయటా అదే, లోపలా అదే. తేడా వెలుతురులో ఉంది. ఎండలో షట్టరు రెప్పపాటులో మూసుకుంటుంది, వణుకు దానికి అందదు. చర్చి లోపల చీకటికి అది తెరుచుకుని ఉన్నంతసేపూ వణుకంతా ఫోటోలోకి దిగుతుంది. మా పాత జూమ్ లెన్సు కన్ను చిన్నది, వెలుతురు తక్కువ తాగుతుంది. కన్ను పెద్దదిగా ఉన్న లెన్సు, ఫాస్ట్ లెన్సు అంటారే, అది ఉంటే లోపల కూడా షట్టరు గబుక్కున మూసుకుంటుంది. ఆయన చెయ్యి వణుకుతోందని ఫోటోకి తెలియదు. ఫోటోకి తెలియకపోతే ఊరికీ తెలియదు. అలా అనుకుని ఆ రాత్రి చాలా కాలం తర్వాత కంటినిండా నిద్రపోయాను.

విశాఖపట్నం షాపుకి ఆయన రానన్నాడు. అక్కడ అందరూ తెలిసినవాళ్ళే, కెమెరా ఇలా ఇచ్చి చూడమంటే చెయ్యి ఎత్తాలి కదా. నేనే మా కెమెరా బుట్టలో పెట్టుకుని బస్సెక్కాను. షాపాయన నన్ను చూసి, సార్‌ని పంపండమ్మా, ఇవన్నీ చూసి తీసుకునేవి అన్నాడు. సార్‌కి పనుంది, చూడ్డానికే నేనొచ్చాను అన్నాను.

మొదట పెద్ద జూమ్ ఇచ్చాడు. మంచి లెన్సే, కన్ను కూడా పెద్దదే, కానీ చేతిలో పెట్టగానే ఇత్తడి బిందె ఎత్తినట్టుంది. వణికే చేతికి అంత బరువు ఇస్తే కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. రెండోది ఎనభై అయిదు ఎం.ఎం. లెన్సు. మొహాలకి దాన్ని మించింది లేదని షాపాయన ఒకటే పొగిడాడు. నాకు మొహాలు కాదు, నిలువెత్తు మనిషి కావాలి. వాళ్ళ వాచ్‌మన్‌ని గోడ దగ్గర నిలబెట్టి, తల నుంచి చెప్పుల దాకా ఫ్రేములో పట్టించాలని వెనక్కి జరుగుతూ జరుగుతూ షాపు గుమ్మం దాటేశాను. ఇంకొంచెం జరిగితే సిటీ బస్సు కిందకి పోయేదాన్ని. మా పల్లె చర్చిల్లో అంత దూరం వెనక్కి జరగాలంటే పెళ్ళి లోపల, ఫోటోగ్రాఫరు వీధిలో.

మూడోది యాభై ఎం.ఎం. చిన్నది, ప్లాస్టిక్ ఒళ్ళు, ఆటబొమ్మలా ఉంది. షాపాయన దాన్ని పెద్దగా లెక్కచేయకుండా తీసిచ్చాడు. వాచ్‌మన్ మాత్రం షాపు లోపలే మొత్తం పట్టాడు. గుమ్మంలో నిలబడి ఫుట్‌పాత్ మీద నడిచిపోయేవాళ్ళని తీశాను. నడిచే కాలు ఫోటోలో ఆగితే, వణికే చెయ్యి కూడా ఆగుతుందని నా లెక్క. ఆటల ఫోటోలకా అమ్మా అని అడిగాడు షాపాయన. అవునన్నాను.

తీసినవన్నీ వాళ్ళ కంప్యూటర్‌లో పెద్దవి చేసి చూశాను. ఫుల్ ఫోటోతో ఒక చిక్కుంది. మనిషిలో జనం వెతికే రెండూ, మొహం, పాదాలు, ఫ్రేములో రెండు చివర్లలో పడతాయి. ఏ లెన్సయినా మధ్యలోనే పదును. చివర్లకి వచ్చేసరికి మెత్తబడుతుంది. అంటే పెళ్ళికూతురి నడుం దగ్గర చీర అంచు కొట్టొచ్చినట్టు ఉంటుంది, మొహం మసగ్గా ఉంటుంది. నడుం చూసి మురిసిపోయే పెళ్ళివారు ఎక్కడైనా ఉంటారా? యాభై కన్ను పూర్తిగా తెరిచి తీస్తే చివర్లు కొంచెం మెత్తబడ్డాయి. ఆ కన్ను ఒక మెట్టు మూసి తీస్తే సర్దుకున్నాయి, నడిచే కాలు కూడా ఆగింది. వాచ్‌మన్ మీసం వెంట్రుకలు పైన, చెప్పు ఉంగటం కింద, రెండూ పదునుగా ఉన్నాయి. అదే ఇమ్మన్నాను. షాపాయన మళ్ళీ ఎనభై అయిదు చూపించబోయాడు, నేను బుట్ట సర్దుకున్నాను.

ఇంటికొచ్చి చేతిలో పెడితే ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నవ్వకుండా, ఆడుకునేదా అన్నాడు. నన్ను స్టూడియో గోడ దగ్గర నిలబెట్టి, లైట్లు ఆర్పేసి, కిటికీ వెలుతురులోనే తీశాడు. కంప్యూటర్‌లో చూస్తే నా నుదుటి మీద చెమట బొట్టు కూడా తెలుస్తోంది. ఎంత అలసిపోయి ఉన్నానో కూడా తెలుస్తోంది, కానీ ఆయన చూసింది అది కాదు. తెర వంక చూపించి, చెయ్యి వణకలేదు చూడు అన్నాడు. వణికిందని నాకు తెలుసు, నేను ఎదురుగా నిలబడి చూశాను. అవునన్నాను. ఆయన మొహం అంత తేటగా చూసి చాలా రోజులైంది, దాన్ని చెడగొట్టడానికి నాకు మనసు రాలేదు.

ఆ వేసవి బాగానే గడిచింది. నాలుగైదు పెళ్ళిళ్ళు వరసగా చేశాడు. ప్రతి పెళ్ళి నుంచీ వచ్చాక ఇద్దరం కంప్యూటర్ ముందు కూర్చుని పెళ్ళికూతురి కళ్ళు పెద్దవి చేసి రెప్పల వెంట్రుకలు చూసుకునేవాళ్ళం. వెంట్రుక విడివిడిగా కనబడితే ఆ రోజు ఆయన రెండు ముద్దలు ఎక్కువ తినేవాడు. మొహాలు చూసుకుని మురిసిపోవడంలో పడి కిందకి చూడటం తగ్గించాం. ఒకటి రెండు ఫోటోల్లో బూటు అంచు ఫ్రేముకి ఆనుకుని ఉండటం నేను గమనించాను. గమనించి ఊరుకున్నాను. రెప్పలు బాగున్నాయి కదా.

నక్కపల్లి అవతల ఒక పల్లెలో పెళ్ళి దగ్గర దొరికిపోయాం. రేకుల కప్పు వేసిన చిన్న చర్చి. మెట్టుకీ మొదటి వరస కుర్చీలకీ మధ్య ఇద్దరు మనుషులు నిలువునా పడుకుంటే సరిపోయేంత జాగా ఉంది. ఆ కుర్చీల్లో పెద్దవాళ్ళు కూర్చున్నారు, వాళ్ళ వెనక వీడియో వాళ్ళ లైటు, వైర్లు. పాత జూమ్ అయితే వెడల్పు చేసుకుని చుట్టూ జాగా వదిలి తీసి, తర్వాత నేను కత్తిరించుకునేదాన్ని. ఈ యాభైకి ముందుకీ వెనక్కీ సాగడం తెలియదు, మనమే జరగాలి. జరగడానికి చోటు లేదు. కుర్చీలకి వీపు ఆనించి తీస్తే జంట ఫ్రేములో కొలత తీసినట్టు పట్టారు, పైన బెత్తెడు కింద బెత్తెడు వదలడానికి కూడా లేదు. అలాంటప్పుడు చెయ్యి ఊగితే ఫోటో అలకదు, ఫ్రేమే పైకి లేస్తుంది. లెన్సు వణుకుని ఆపగలిగింది గానీ ఆ చేతిని ఒకచోట నిలబెట్టలేకపోయింది. ఇంత చిన్న సంగతి నాకు షాపులో ఎందుకు తట్టలేదో ఇప్పటికీ అర్థం కాదు.

కంప్యూటర్‌లో చూసుకున్నాం. జంట నిలబడిన ఫుల్ ఫోటోలు అన్నిట్లో మొహాలు అద్దంలో చూసుకున్నట్టు ఉన్నాయి. రెప్పలు, ముసుగు మీద పూసలు, పెళ్ళికొడుకు గడ్డం కింద పౌడరు కూడా. ఒక్కదాంట్లో కూడా పాదాలు లేవు. చీలమండ దగ్గరో ఇంకొంచెం పైనో తెగిపోయారు. ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. కింద లారీ వాళ్ళు ఎవరితోనో గొడవ పడుతున్నారు, అది చూస్తున్నట్టు నటించాడు. నేను ఆ ఫోటోలన్నీ మోకాళ్ళ దగ్గరికి కత్తిరించి, ఇప్పుడు పట్నంలో ఇదే ఫ్యాషనని చెప్పి ఆల్బం పంపించాను. వేరే దారి కనబడలేదు.

వారం తిరక్కుండా పెళ్ళికూతురి నాయనమ్మ ఆల్బం చంకలో పెట్టుకుని స్టూడియో మెట్లెక్కింది. పొట్టి మనిషి, మెట్లెక్కిన ఆయాసం తగ్గే దాకా కూడా ఆగలేదు. పిల్లకి కాళ్ళేవి అని అడిగింది. ఫ్యాషన్ మాట ఎత్తాను. ఆవిడ నా వైపు చూసిన చూపుకి ఆ మాట పూర్తి కాలేదు. సరే, రిసెప్షన్‌లో తీసినవాటిలో కాళ్ళు ఉన్నాయి, అవి తెచ్చి కంప్యూటర్‌లో అతికిస్తాను, అతుకు ఎవరికీ తెలియదు అన్నాను.

“అతికించిన కాళ్ళతోటి నా మనవరాలు కాపురం సెయ్యాలేటమ్మా?”

డబ్బు వెనక్కి ఇస్తానన్నా ఆవిడ వినలేదు. మళ్ళీ తియ్యాలి, అదే చర్చిలో, అదే మెట్టు మీద, అదే బట్టల్లో. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక రమ్మని చెప్పింది. వెళ్తూ వెళ్తూ, లోపల గదిలో కూర్చుని ఉన్న ఆయన వైపు చూసి గొంతు తగ్గించి, ఆ రోజన్నా పుచ్చుకోకుండా తీసుకురా అంది నాతో. తగ్గించిన గొంతు ఆయనకి వినబడిందని నాకు తెలుసు.

ఆ వారంలో నాకు నిజంగా విసుగొచ్చేసింది. జబ్బుని మోయడం ఒక ఎత్తు, దాన్ని దాచిపెట్టడం ఒక ఎత్తు. ప్రతి పెళ్ళి ముందూ ఎవరు చూస్తారో ఎవరు ఏమంటారో అని, ప్రతి పెళ్ళి తర్వాతా ఏం తెగిందో ఏం మసకబారిందో అని. ఆయనతో పోట్లాడటానికి కూడా ఓపిక లేదు. శనివారం నాడు, నేను కూడా వస్తానన్నాను. సరేనన్నాడు. ఇంతకుముందు ఎప్పుడూ సరేననలేదు.

ఆదివారం మేము వెళ్ళేసరికి ప్రసంగం చివరికి వచ్చింది. ఆరాధన అయ్యాక జనం ఇళ్ళకి పోలేదు. రెండోసారి పెళ్ళి ఫోటో దిగడం వాళ్ళకీ వింతే. పెళ్ళికూతురు అదే తెల్ల చీర కట్టుకుంది, ముసుగు ఇస్త్రీ లేక ముడతలు పడి ఉంది. పెళ్ళికొడుకు కోటు ఎవరో చుట్టానిదట, వెనక్కి వెళ్ళిపోయింది. ఆ ఊరి అయ్యగారి నల్ల కోటు వేసుకుంటే చేతులు వేళ్ళ దాకా కప్పేసింది. పూలగుత్తి స్థానంలో బల్ల మీది ప్లాస్టిక్ పూలు. వీటిలో దేనికీ నాయనమ్మకి అభ్యంతరం లేదు. చెప్పులు తుడుచుకున్నారా అని మాత్రం అడిగింది.

ముందు వరస కుర్చీలు తీయించాను. ఇంకో నాలుగు అడుగులు దొరికాయి. ఆయన కెమెరా ఎత్తాడు. ఎత్తగానే చెయ్యి మొదలైంది. ఎప్పుడూ లేనంతగా. బెల్టుకున్న ఇనప కొక్కెం కెమెరా ఒంటికి టక టక కొట్టుకుంటోంది. పెళ్ళిలో అయితే పాటలు, పిల్లల ఏడుపులు, ఎవరికీ వినబడేది కాదు. ఇప్పుడు అందరూ ఊరుకుని ఈయన్నే చూస్తున్నారు. దించి మళ్ళీ ఎత్తాడు. వెనక ఎవరో మగమనిషి, ఆదివారం కూడానా అన్నాడు. ఇంకెవరో నవ్వారు. నాకు ఆ నవ్విన వాడి చెంప పగలగొట్టాలనిపించింది.

ఆయన కెమెరా కిందకి దించి వెనక్కి తిరిగాడు. ఆయన గొంతు ఎప్పుడూ మెల్లగానే ఉంటుంది, అప్పుడూ మెల్లగానే ఉంది.

“నేను తాగి రాలేదు. పెళ్ళి రోజూ తాగలేదు, ఇప్పుడూ తాగలేదు. ఇది జబ్బు. సెయ్యెత్తితే వణుకుతాది. ఇంక తగ్గదంట.”

మూడేళ్ళుగా మేమిద్దరం ఒకరితో ఒకరం అనుకోని మాట. డాక్టరు గదిలో కూడా ఆయన అనలేదు, నేనే చెప్పాను. అంతమంది ముందు అన్నాడు. ఆయన మెడలోంచి బెల్టు తీసి నా మెడలో వేశాడు. దాని కొక్కెం నా జుట్టుకి పట్టుకుంటే దాన్ని విడదీయడానికి కొంచెంసేపు పట్టింది, ఆ వేళ్ళతో.

“ఇంద. నువ్వు తియ్యి. కాళ్ళు సూసుకో.”

నాయనమ్మ పక్కకి తీసిన కుర్చీల్లో ఒకటి ఈడ్చుకొచ్చి ఆయన వెనక వేసింది. తాగనోడివి ముందే సెప్పొచ్చు గదా బావూ, కూకో అంది. ఆయన కూర్చున్నాడు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఒళ్ళో పెట్టుకుంటే అవి మామూలు చేతులే.

నేను స్టూడియోలో గోడ ముందు కూర్చోబెట్టి తీసినదాన్నే గానీ, ఇలా జనం మధ్య నిలబడి పెళ్ళి జంటని ఎప్పుడూ తీయలేదు. కంటికి కెమెరా ఆనించుకున్నాక జంట కనబడలేదు, కళ్ళలో నీళ్ళు. చీర కొంగుతో తుడుచుకుని మళ్ళీ ఆనించాను. ముందు పాదాలు చూశాను. కింద జాగా వదిలాను. తర్వాత పైకి వచ్చి ముసుగు చూశాను, మొహాలు చూశాను. నొక్కాను. నాయనమ్మ ఇంకోటి అంది. ఇంకోటి తీశాను. తర్వాత ఆవిడే జంట పక్కన నిలబడి, నావీ రావాలి అని చీర కొంచెం ఎత్తి పాదాలు చూపించింది. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు, నేను కెమెరా మీంచి కన్ను తీసి పక్కకి చూసి గమనించాను.

భోజనం చేసి వెళ్ళమన్నారు. చేశాం. ఆయనకి అన్నం కలుపుకోవడంలో చెయ్యి వణికితే ఈసారి ఎవరూ ముసిముసిగా చూడలేదు. నాయనమ్మ మాత్రం పులుసు వంచబోతూ ఆగి, కలిపి ఇమ్మంటావేటి అని తిన్నగా అడిగింది. వద్దన్నాడు.

హైవే మీద బస్సు దొరికేసరికి ఎండ బాగా ముదిరింది. కిటికీ పక్క సీటు ఆయనకి ఇచ్చి నేను ఇవతల కూర్చున్నాను. కెమెరా నా ఒళ్ళోనే ఉంది. చాలాదూరం ఆయన బయట చెరుకు తోటల వైపు చూస్తూ ఉండిపోయాడు. అలిగాడా, ఏడుస్తున్నాడా తెలియలేదు. ఈ మనిషి చేతిలోంచి నేను తీసేసుకున్నానే అన్న బాధ ఒకపక్క, ఇక దాచక్కర్లేదన్న తేలిక ఒకపక్క. రెండూ కలిసి వచ్చేసరికి ఒళ్ళంతా పచ్చడైనట్టు ఉంది.

కాసేపటికి ఆయన చూపించు అన్నాడు. కెమెరా నేనే పట్టుకుని వెనక తెరలో ఫోటో పెట్టాను. మొహాలు పెద్దవి చేయబోతే వద్దని, కిందకి కిందకి అని వేలితో చూపించాడు. పెళ్ళికూతురి చెప్పు పట్టీ దాకా, పెళ్ళికొడుకు బూటు లేసు దాకా వెళ్ళాం. లేసు ముడి విడిగా కనబడుతోంది, దాని మీద చర్చి దుమ్ము కూడా. ఆయన తెర మీదికి వంగి చాలాసేపు చూశాడు.

“తీసినప్పుడు నీ సెయ్యి వణకలేదా?” అన్నాడు.

“వణికింది. బాగా వణికింది” అన్నాను.

ఆయన వెనక్కి జేరబడ్డాడు. “అయితే లెన్సు మంచిదే కొన్నావు” అన్నాడు.